నాన్న ఇంటిపేరు

"ఆ పేరు నాది. నా పదో ఏటి నుంచి నాది," అంది పెద్దది, బైండింగ్ షాపు గుమ్మంలో చెప్పులు విడుస్తూనే.

పసిదాన్ని ఒళ్లో వేసుకుని కూర్చున్న చిన్నది తలెత్తలేదు. "పేరుకి పట్టా రాయించుకున్నావా అక్కా?"

"నాకు పుట్టేది ఆడైనా మగైనా నాన్న ఇంటిపేరే పేరుగా పెట్టుకుంటానని నీకు చెప్పానా, లేదా?"

"చెప్పావు. ముందు కన్నది మాత్రం నేను."

బల్ల వెనక నాన్న దబ్బనానికి దారం ఎక్కిస్తూ ఆగిపోయాడు. పసిదానికి ఇరవై రోజులు. పెద్దదానికి ఇంకో నెలలో కాన్పు. వారం నుంచి అక్కాచెల్లెళ్లకు మాటల్లేవు. ఏదైనా చెప్పుకోవాలంటే మధ్యలో చిన్నల్లుడికి ఫోన్ చేయడమే. ఇవాళ సాయంత్రం ఐదులోపు బర్త్ సర్టిఫికెట్ ఫారం ఆఫీసులో ఇవ్వాలి. అన్నీ నింపేశారు. పేరు గడి ఒక్కటే ఖాళీ.

"ఇంటిపేరు పెట్టి పిలిస్తే బడిలో పిల్లలు నవ్వరూ?" అన్నాడు నాన్న మెల్లగా.

"నవ్వనీ," అన్నారిద్దరూ ఒకేసారి. అన్నాక ఒకరి మొహం ఒకరు చూసుకుని, చటుక్కున తిప్పేసుకున్నారు.

నిజానికి ఆ ఇంటిపేరు పేరుగా బాగానే ఉంటుంది. రెండే అక్షరాలు. ఆడపిల్లకైనా మగపిల్లాడికైనా నప్పుతుంది. కానీ వాళ్ల పంతం పేరు అందం కోసం కాదు.

చిన్నదానికి ఏడాది నిండకుండానే అమ్మ పోయింది. అప్పటి నుంచి అన్నీ నాన్నే. రెండు జడలు అల్లితే ఒకటి చెవి పైన, ఒకటి చెవి కింద ఉండేది. "అదే ఫ్యాషన్, వెళ్లండి," అని బడికి తోసేవాడు. చేతికి అంటిన జిగురు కడుక్కుని అన్నం కలిపేవాడు. అమ్మ గురించి అడిగితే మాత్రం పనున్నట్టు లేచి వెళ్లేవాడు. పిల్లలు అడగడం మానేశారు.

ఇప్పుడు ఇద్దరికీ పెళ్లిళ్లై ఇంటిపేర్లు మారిపోయాయి. కొడుకుల్లేని ఇల్లు. "మీ నాన్నతో ఆ ఇంటిపేరు సరి," అని ఎవరో అంటే పెద్దది రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

నాన్నకు లోలోపల సంతోషంగానే ఉంది. కూతుళ్లిద్దరూ తన కోసం ఇలా పోట్లాడుకుంటుంటే ఏ తండ్రికి చేదు? భయమూ ఉంది. ఆ గడిలో ఒకరి మాట పడితే, రెండోది మళ్లీ ఈ గుమ్మం తొక్కదేమో!

"నువ్వే తేల్చు నాన్నా," అంది పెద్దది.

"నేనా? నాకు ఈ పుస్తకం సాయంత్రానికి ఇచ్చేయాలమ్మా," అంటూ కాగితాల దొంతర ప్రెస్సులో పెట్టి, అవసరం లేకపోయినా మర ఇంకో రెండు చుట్లు బిగించాడు.

"చూశావా, తప్పించుకుంటున్నాడు."

"నీకు భయపడి! నీ గొంతు వింటే ఎవరైనా తప్పించుకుంటారు," అంది చిన్నది.

అంతలో పసిది లేచి ఏడుపు అందుకుంది. చిన్నది ఊపింది, జోకొట్టింది, నిలబడి అటూ ఇటూ తిరిగింది. ఏడుపు పెరిగిందే గానీ తగ్గలేదు.

"ఇలా తే. నీకు ఎత్తుకోవడమే చేతకాదు." పెద్దది పసిదాన్ని లాక్కుని భుజానికి ఆనించుకుంది. వీపు నిమురుతూ, తనకు తెలియకుండానే, ఆ రెండక్షరాల పేరుతో పిలిచింది. ఒకసారి. రెండోసారి.

పసిది ఏడుపు ఆపేసింది.

పెద్దదాని కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"దీనికే బావుంది," అంది. "నువ్వే పెట్టుకో. నాన్న పేరు ఎవరు మోస్తేనేం?"

"వద్దక్కా. నువ్వు పదేళ్లప్పటి నుంచి అనుకుంటున్నావు. నీకే ఉండనీ."

"పెట్టుకోమంటుంటే!"

"నేను పెట్టను!"

"మొండిదానా!"

"నువ్వే మొండిదానివి!"

నాన్నకు నవ్వాగలేదు. "ఇంతసేపూ నాకంటే నాకని, ఇప్పుడు నీకంటే నీకనా? మీతో వేగడం నా వల్ల కాదు."

వాళ్లిద్దరూ కూడా నవ్వేశారు. చిన్నది పెన్ను తీసి అక్క చేతిలో పెట్టింది. "నీ చేత్తో నువ్వే రాయి. నీ బిడ్డకీ అదే పెడదాం. ఇంట్లో ఇద్దరికీ ఒకే పేరుంటే మాత్రం కొంప మునుగుతుందా?"

"ఒక్క పిలుపుకి ఇద్దరూ పరిగెత్తుకొస్తారు. మంచిదేగా," అంది పెద్దది ముక్కు తుడుచుకుంటూ. "నీ ఇంటిపేరు ఇంకెక్కడికీ పోదు నాన్నా."

పెన్ను గడి మీదకు వచ్చింది.

"ఆగండమ్మా," అన్నాడు నాన్న. దబ్బనం పక్కన పెట్టి, చేతులు గుడ్డకి తుడుచుకుని, బల్ల వెనక నుంచి ఇవతలికి వచ్చాడు. వాళ్లు ఇస్తున్నది చేజారిపోతుందేమోనన్న దిగులు ఆయన మొహంలో ఒక్క క్షణం కనిపించి పోయింది. "ఇద్దరికీ పెట్టుకోండి. కానీ నా కోసమని మాత్రం పెట్టకండి. అబద్ధం అవుతుంది."

"అదేంటి నాన్నా?"

"పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకున్నది మీ అమ్మ కాదు, నేను."