నాలుగు ముప్పైమూళ్లు

ఉమేష్‌లో ఒకటే లోపం. పెళ్లాం మాట తప్ప లోకంలో దేన్నైనా నమ్ముతాడు. వాట్సాప్ వైద్యం నమ్ముతాడు. బస్సు ఇప్పుడే వస్తుందన్న బస్టాండు మైకును నమ్ముతాడు. కారు కొన్నప్పటి నుంచి స్టీరింగు పక్కనున్న తెరనైతే కన్నతల్లికన్నా ఎక్కువ నమ్ముతున్నాడు.

"ఏమండీ, బండి ఎడమకు గుంజుతాంది. నిలపండి" అంది పక్క సీట్లోని శోభ. ఆదోని దాటి ఎమ్మిగనూరు దారి పట్టి ఎంతోసేపు కాలేదు.

"ఇట్ల సూడు" తెర చూపించాడు ఉమేష్. కారు బొమ్మ, దాని నాలుగు చక్రాల పక్కన నాలుగు ముప్పైమూళ్లు. "గాలి ఫుల్లు. తగ్గితే ఇదే కూత పెడుతుంది. నీకు లైసెన్సు ఉంది గానీ, బండి సంగతి తెలీదులే."

ఆ లైసెన్సు వచ్చి ఏడాదైంది. స్టీరింగు మాత్రం ఒక్కసారీ చేతికి రాలేదు.

చక్రాలు కొత్తవి. మెరుస్తున్నాయని మోజుపడి ఆ పొద్దే ఆదోనిలో వేయించాడు. "అన్నా, గాలి చెప్పే సెన్సార్లు పాత చక్రాల లోపల ఉండాయి. టైర్లిప్పి కొత్తవాట్లోకి మార్చాల. కొంచేపు కూసోండి" అన్నాడు షాపు లోకేష్. "తెర మీద లైటు వెలిగితే అప్పుడు సూద్దాంలే" అని ఉమేష్ లేచాడు. పాతవి అక్కడే వదిలేద్దామంటే వాళ్లమ్మ కస్తూరమ్మ ఒప్పుకోలేదు. "మన సొత్తు వాళ్లకెందుకప్పా?" దాంతో నాలుగూ కారు వెనక, మడిచిన మూడో వరస సీట్ల మీద, ఎమ్మిగనూరు దుప్పటి కప్పుకుని పడుకున్నాయి.

లైటు వెలగలేదు. "సెన్సార్లంట, గిన్సార్లంట!" అని దారంతా ఉమేష్ ఒకటే నవ్వు.

"పందెం" అంది శోభ. "నా కిందున్న టైర్లో గాలి తక్కువుంటే, ఇంటి దాకా బండి నేను నడుపుతా."

"ఇంటి దాకా ఏంది, ఈ పొద్దు నుంచి స్టీరింగే నీది! గాలి ఉంటే మాత్రం మళ్లా ఆ మాట ఎత్తగూడదు."

టీ బంకు దగ్గర కారాగింది. "నిలిపింది టీకి, టైరుకు కాదు" అని దిగుతూనే చెప్పాడు. చక్రాన్ని ఓరగా చూసి, "గుండ్రంగానే ఉంది గదా!" అన్నాడు.

శోభ నీళ్ల సీసా కోసం కారు వెనక్కి వెళ్లింది. ఉమేష్ రెండో టీ కూడా ముగించాక వచ్చి కూర్చుంది.

"ఏమ్మే, జడ ఊడిపోయిందే?" అంది నడిమి సీట్లోంచి కస్తూరమ్మ.

"పిన్ను గుచ్చుకుంటాంది అత్తా."

కారు కదిలిందో లేదో తెర కూత పెట్టింది. ఎడమ వెనక చక్రం పక్కన ఎర్రగా పన్నెండు. ఉమేష్ బ్రేకు తొక్కి పరుగున దిగాడు. వెనక టైరు నొక్కాడు, తన్నాడు, కాలు పట్టుకుని కుంటాడు.

"రాయి మాదిరి ఉంది టైరు! పన్నెండు ఎట్లయితాది?"

"తెర అబద్ధం సెప్పదు గదండీ" అంది శోభ కిటికీలోంచి. "ముప్పైమూడున్న ముందు టైరు గూడా ఒకసారి నొక్కండి."

నొక్కాడు. చెయ్యి లోపలికి పోయింది. నేల తగిలిన చోట రబ్బరు ఉబ్బి ఉంది, పైన మేకు తల మెరుస్తోంది. ఉమేష్ లేచి చూసేసరికి శోభ డ్రైవరు సీట్లో ఉంది.

"పాత చక్రం ఒకటి ఎక్కించండి. ఎడమ వెనకది మాత్రం తీయొద్దు, దాంట్లో గాలి లేదు."

"నీకెట్ల తెలుసు?"

"ఆ గాలి నేనే తీసినా" అంది శోభ, పిన్ను జడలో దోపుకుంటూ.

ఉమేష్ తెర వంక చూశాడు. కారు వెనక దుప్పటి వంక చూశాడు. శోభ ఊరికే ఒకసారి హారన్ మోగించింది.

"ఏమైందప్పా?" అంది కస్తూరమ్మ.

"తప్పు నాదేమ్మా" అన్నాడు ఉమేష్, జాకీ అందుకుంటూ. "ఆదోని నుంచి నేను సూసుకుంటా వచ్చిన గాలి, ఆ దుప్పటి కింద పండుకున్న చక్రాలది."