ఆయన గొంతుతో ఒక్క మాట

సంస్మరణ సభలో మహానటుడి గొంతును అచ్చుగుద్దినట్టు దించేసి, చప్పట్ల మధ్య తెర వెనక్కి వచ్చిన మిమిక్రీ కళాకారుడికి, అక్కడ ఆ నటుడి భార్య కూర్చుని కనిపించింది. అతను చేతులు జోడించాడు.

"తప్పుంటే మన్నించండమ్మా."

"తప్పేం లేదు నాయనా. ఆ గొంతుతో ఇంకొక్క మాట అనగలవా? 'తిన్నావా' అని. నాకోసం."

"దాందేముందమ్మా," అని నవ్వాడు. "కాకపోతే చెవిన పడనిది నేను పట్టలేను. ఆయన సినిమా డైలాగులన్నీ నాకు కొట్టినపిండి. ఇంట్లో మిమ్మల్ని ఎలా అడిగేవారో ఒక్కసారి అని చూపించండి, చాలు."

ఆవిడ నోరు తెరిచింది. గోడ మీదున్న భర్త పోస్టరు వంక చాలాసేపు చూసింది.

"మీ ఇంట్లో నువ్వెలా అడుగుతావు?" అంది చివరికి.

అతని నవ్వు ఆగిపోయింది. కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. మహానటుడి గొంతు తెచ్చుకుని, తన భార్యను అడిగినంత మెల్లగా అడిగాడు.

"తిన్నావా?"

ఆవిడ గబగబా జుట్టు సర్దుకుంది.

"లేదండీ. మీరడుగుతారని చూస్తున్నా."