ఆటోమేటిక్

ఆ ఒక్క పేరు ఎర్రగా వెలుగుతూనే ఉంది.

కాట్రేనికోనలో రొయ్యల చెరువుల ఆఫీసు అది. పాత కంప్యూటరులో ఉన్నదంతా క్లౌడ్‌లోకి ఎక్కించడానికి వచ్చి లావణ్య ఇరుక్కుపోయింది. అన్నీ ఎక్కాయి. కరెంటు పోతే ఫోన్ మోగాల్సిన వాళ్ల పేర్లలో ఒకటి మాత్రం ససేమిరా అంటోంది.

పేరు: ఆయ్.

పూర్తి పేరు, ఉద్యోగి నంబరు లేనిదే కొత్త సాఫ్ట్‌వేర్ ముందుకు కదలదు. అది కదలనిదే లావణ్య ఇంటికి కదలదు. ఈసారీ పని పూర్తి కాకపోతే తన ఉద్యోగం ఊడుతుంది.

"ఎవరండీ ఈ ఆయ్?" యజమాని శివనాగరాజును అడిగింది.

"ఏమోనండీ. చనిపోయిన మేనేజరు గారు పెట్టేరు."

"మరి కరెంటు పోయి, రొయ్యలకి గాలి అందించే చక్రాలు ఆగిపోతే ఎలాగండీ?"

"మా జనరేటరు ఆటోమేటిక్కండీ! దానంతటదే ఆన్ అయిపోద్ది. రాత్రిళ్లు కాపలా మనిషిని కూడా పెట్టలేదు." ఆయన మొహం వెలిగిపోయింది.

లావణ్య ఆఫీసు ఫోన్ నుంచి ఆ నంబరుకి చేసింది.

"ఆయ్, వస్తన్నానండీ!"

"ఎక్కడికి? ముందు మీ పేరు చెప్పండి."

"నతానియేలండీ."

"కంపెనీ ఉద్యోగేనా?"

"కాదండీ. మేనేజరు గారు బతికుండగా..."

"ఉద్యోగి కాకపోతే తీసేస్తున్నాను."



"అయితే ఇంక ఫోన్ మోగదాండీ?"

"మోగదు. హాయిగా పడుకోండి."

"ఆయ్."

పేరు పోయింది. ఎరుపూ పోయింది. లావణ్యకి ప్రాణం లేచొచ్చింది.

తెల్లారి బస్సెక్కబోతుంటే వెనక్కి రమ్మని కబురు.

చెరువు నిండా రొయ్యలు చచ్చి తేలుతున్నాయి. శివనాగరాజు గట్టు మీద తల పట్టుకుని కూర్చున్నాడు.

"రాత్రి కరెంటు పోయిందండీ. నా ఫోనూ మోగింది. జనరేటరు ఉందిగా అని మళ్లీ పడుకున్నాను. మీ క్లౌడ్ ఏం చేసిందో ఏమో, అది ఆన్ అవ్వలేదు. సంగతి తేలేదాకా మీరు కదలడానికి లేదు."

 జనరేటరును లావణ్య ముట్టుకోనే లేదు. చెబితే నమ్మేదెవరు?

మెకానిక్ వచ్చి జనరేటరు పెట్టె మూత తీశాడు. లోపల అంతా వెతికాడు.

"ఇందులో ఆటోమేటిక్ ఏదీ లేదండీ. ఎప్పుడూ లేదు కూడానండీ. ఎవరో ఒకరు వచ్చి చేత్తో ఆన్ చెయ్యాల్సిందే."

శివనాగరాజు వంగి పెట్టెలోకి చూశాడు.

లావణ్య ఆఫీసులోకి పరిగెత్తి, నిన్న చేసిన నంబరే మళ్లీ నొక్కింది.

ఒక్క మోతకే ఎత్తాడు.

"ఆయ్, వస్తన్నానండీ! సైకిలెక్కేసేనండీ!"