సంరక్షకుల సంతకం

“ఎలుకను చూస్తే నీకేమనిపిస్తుంది? భయమా, అసహ్యమా?” చేతిలోని అచ్చుకాగితం చూసి అడిగాడు మానసిక నిపుణుడు డాక్టర్ కాంతారావు.

“ఆకలండీ,” అన్నాడు నాంచారయ్య.

కాంతారావు ఆ ప్రశ్న పక్కన సున్నా చుట్టాడు. పక్క కుర్చీలో ఉన్న తెలుగు లెక్చరర్ నిజాముద్దీన్‌కి ఒళ్ళు మండిపోయింది.

“సున్నా ఎందుకు వేశారండీ? వాళ్ళు యానాదులు. పొలాల్లో ఎలకల్ని పట్టుకుని వండుకు తింటారు. ఉన్నమాట చెప్పినందుకు సున్నానా?”

“జవాబుల పుస్తకంలో ఆకలి లేదు మాస్టారూ.”

“అయితే ఆ పుస్తకమే తప్పు. అది రాసినాయనకి దివిసీమ ఏ మూల ఉందో తెలుసా అసలు?”

ఉప్పెన వచ్చి వెళ్ళిన రెండు నెలలకు, డెబ్బై ఎనిమిది జనవరిలో, బందరులోని ఒక కాలేజీలో జరుగుతున్న పరీక్ష అది. నాంచారయ్య బి.ఎ. రెండో సంవత్సరం. కోడూరు అవతల సముద్రపు ఒడ్డునున్న వాళ్ళ గూడెం నుంచి కాలేజీ మెట్లెక్కిన మొదటివాడు. ఆ గూడెం ఇప్పుడు ఆనవాలుకైనా లేదు. సర్కారువారి మృతుల జాబితాలో మాత్రం మొత్తం గూడెం ఉంది. నాంచారయ్య తల్లి కనకరత్నం, ఇద్దరు తమ్ముళ్ళు అందులో వరసగా ఉన్నారు.

సంతాప సభలో ప్రిన్సిపాల్ ఆ పేర్లు చదువుతుంటే నాంచారయ్య లేచి నిలబడి, “మా వాళ్ళ పేర్లు కొట్టెయ్యండి. ఎవరూ పోలేదు,” అని గట్టిగా అన్నాడు. మర్నాడు సాయం ఫారం మీద సంతకం పెట్టమంటే పరపరా చించేశాడు. పాపం, కుర్రాడికి మతి చలించిందన్నారు అందరూ. అతను కాలేజీలో ఉంటాడో, పిచ్చాసుపత్రికి వెళతాడో ఇవాళ కాంతారావు రాసేదాన్ని బట్టి తేలిపోతుంది.

కాంతారావు ఒక బొమ్మ చూపించాడు. దొరల ఇల్లు, గోడలో పొయ్యి, దాని ముందు కుర్చీలో ఒక మనిషి. “దీని మీద ఒక కథ చెప్పు.”

“కథేముందండీ? పొయ్యి మీద గిన్నె లేదు. కూడు వండని పొయ్యి ముందు ఆయన ఎందుకు కూర్చున్నాడో నాకు తెలీదు.”

మళ్ళీ సున్నా. నిజాముద్దీన్ పళ్ళు కొరికాడు.

“సరే, మీ అమ్మ ఎక్కడుంది?”

“పామిడిముక్కల్లోనండీ. ఉప్పెనకి ముందే తమ్ముళ్ళతో వెళ్ళింది. పొలాల్లో ఎలకలు పట్టే పని.”

“నీకు కనిపిస్తుందా?”

“ప్రతి ఆదివారం కనిపిస్తుందండీ. మొన్న తిట్టింది కూడా. చిక్కిపోయావు, హాస్టల్లో ఏం పెడుతున్నార్రా అని.”

తల్లి కనిపిస్తోంది, వినిపిస్తోంది అని రాసుకున్నాడు కాంతారావు.

నిజాముద్దీన్ కుర్చీ ముందుకు లాక్కున్నాడు. ఉప్పెన తగ్గిన మూడో రోజున మూతికి గుడ్డ కట్టుకుని కోడూరు వెళ్ళి శవాలు మోసినవాడు ఆయన. పేరు లేని శవాలెన్నో ఆ చేతుల మీదుగానే గోతుల్లోకి వెళ్ళాయి. ఈ పిల్లవాణ్ణి మాత్రం వదులుకోదల్చుకోలేదు.

“వాళ్ళ పద్ధతిలో అర్థం చేసుకోండి డాక్టరుగారూ. పోయినవాళ్ళని పోయారనరు వీళ్ళు. పనికెళ్ళారంటారు. మా వీధిలో ఆమినా బీ పోయిన కొడుక్కి ఈనాటికీ కంచం పెడుతుంది. ఆవిణ్ణి పిచ్చిదని ఎవరూ అనలేదే?”

“మాలో అలాంటి ఆచారం లేదండీ మాస్టారూ,” అన్నాడు నాంచారయ్య.

“నువ్వుండు నాయనా, నేను మాట్లాడుతున్నాగా,” అని నిజాముద్దీన్ అతని భుజం తట్టాడు.

కాంతారావు జాబితా తీసి బల్ల మీద పరిచాడు. “దీని మీద సర్కారు ముద్ర ఉంది. దీన్ని నమ్మమంటావా, నిన్ను నమ్మమంటావా?”

“అది రాసినాయన మా గూడానికి ఎప్పుడొచ్చాడండీ? రేషన్ కార్డుల లిస్టు చూసి ఎక్కించేశాడు. ఉన్నన్నాళ్ళూ మమ్మల్ని లెక్కపెట్టినవాడు లేడు. పోయారని రాయటానికి మాత్రం ఒక్క పూట చాలింది.”

“మరి మీ అమ్మని ఇన్నాళ్ళూ ఎందుకు తీసుకురాలేదు?”

“తల్లి ఉన్నట్టు రుజువు చూపించమని మా క్లాసులో ఇంకెవరినైనా అడిగారండీ? నన్నొక్కణ్ణే ఎందుకడగాలి?”

కాంతారావు నిట్టూర్చి కాగితం తిప్పాడు. “ఒకటే దారుంది. ఇతని పూచీ మాదని సంరక్షకులు ఇక్కడ సంతకం పెడితే హాస్టల్లో ఉంచొచ్చు. లేదంటే రేపే ఆసుపత్రికి పంపిస్తాను.”

“ఇలా ఇవ్వండి. నేను పెడతాను.” నిజాముద్దీన్ జేబులోంచి పెన్ను తీశాడు.

నాంచారయ్య కాగితం మీద చెయ్యి అడ్డం పెట్టాడు. “మీరొద్దండీ. మా అమ్మ వేలిముద్ర వేస్తుంది. చదువు పోతుందంటే వస్తానంది. ఇవాళ పొద్దున్న బస్సుకి రమ్మన్నాను.”

“చూశారా మాస్టారూ?” అన్నాడు కాంతారావు.

నిజాముద్దీన్ ఇక ఆగలేకపోయాడు. “చూశాను. వాళ్ళమ్మే వేస్తుంది. ఆ గడి ఖాళీగా వదిలెయ్యండి. అందులో ఏ వేలిముద్ర పడినా, ఎవరొచ్చి అడిగినా ఆవిడే వేసిందని నేను చెబుతాను. నా ఉద్యోగం పోతే పోయింది. ఈ పిల్లాణ్ణి మాత్రం మీరు ఇక్కణ్ణుంచి కదిలించలేరు.”

నాంచారయ్య ఆయనకి నమస్కారం పెట్టి, బల్ల మీది స్టాంపు ప్యాడు తీసుకుని వరండాలోకి వెళ్ళాడు. కాంతారావు గడియారం చూసుకున్నాడు. నిజాముద్దీన్ కళ్ళు తుడుచుకుని, ఎవరేమన్నా లేచేది లేదన్నట్టు కుర్చీలో కదలకుండా కూర్చున్నాడు.

కనకరత్నం లోపలికొచ్చి వేలిముద్ర వేసింది.