పస్తుల స్వామి

అనగనగా కరువుకు నెర్రెలు విచ్చిన ఒక చేను. ఏడాది కిందట అక్కణ్ణుంచి వలసపోయిన సుంకన్న అనే ఎలుక, నాలుగు చినుకులు పడ్డాయని పెళ్లాం మద్దమ్మతో పాత కలుగుకు తిరిగొచ్చాడు. లోపల గోడ పగులులో ఎండిన కందిగింజలా ఓ పిడుదు కదలకుండా కూర్చుని ఉంది.

"ఏమయ్యా, మనం వెళ్లేటప్పుడూ ఇది ఇక్కడే ఉంది. ఇన్నాళ్లూ ఏం తిని బతికిందో!" అంది మద్దమ్మ.

"ఇది గిది అనకే, కళ్లు పోతాయి! తిండీ నీళ్లూ మానేసి తపస్సు చేస్తున్న స్వామి," అని సుంకన్న లెంపలేసుకుని, పగులు ముందు సాష్టాంగపడ్డాడు.

వాడి వెచ్చటి ఊపిరి తగలగానే పిడుదు మెల్లగా కాళ్లు విప్పింది.

"స్వామీ, ఇంత తపస్సు ఎవరి కోసం?"

"నీ కోసమే నాయనా," అంటూ పిడుదు వాడి చెవి వెనక్కి ఎక్కి, నోరు దించి నెత్తురు పీల్చసాగింది.

సుంకన్న గోక్కుంటూ చేనంతా గంతులేశాడు. "పట్టింది పిడుదర్రా!" అని మద్దమ్మ ఎంత మొత్తుకున్నా, వాళ్లలాగే చేనుకు తిరిగొచ్చిన మిగతా ఎలుకలు వింటేగా! సుంకన్నకు స్వామి పూనాడని, అందరూ కలుగులో దూరి సాష్టాంగపడ్డారు.

ఆ ఊపిర్ల వెచ్చదనానికి, మిగతా పగుళ్లలోని స్వాములంతా ఒక్కొక్కరే కాళ్లు విప్పారు.