ఒక్క గుక్క సేపు

"ఫ్లాప్స్ ఎత్తరా నాయనా, ఎత్తు," అని ఒరాసియో మొత్తుకుంటూనే ఉన్నాడు. కంప్యూటర్ తెర మీద కొలిబ్రీ అన్న పేరుతో ఆడేవాడి విమానం పొగ కక్కుకుంటూ పోయి సముద్రంలో పడింది.

ఈ మధ్యాహ్నానికి ఇది నాలుగోసారి.

"కెప్టెన్, మీ దోస్తు మళ్ళీ స్నానానికి దిగాడు," అన్నాడు ఫాబ్రీసియో హెడ్‌ఫోన్‌లో. మిగతావాళ్ళు నవ్వారు.

వాళ్ళు మొత్తం ఎనిమిది మంది. అర్జెంటీనాలో తలో ఊరు. ఆదివారం భోంచేసి ఊళ్ళన్నీ కునుకు తీసే వేళ, వీళ్ళు తాతల కాలం నాటి యుద్ధ విమానాలెక్కి తెర మీద కొట్టుకుంటారు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నది లేదు. గొంతులే పరిచయం. రొసారియోలో బస్సులు బాగుచేసే ఒరాసియో వాళ్ళకి కెప్టెన్.

ఒరాసియో బాధల్లా ఒకటే. ఈ ఫ్లాప్స్ విద్య తనకి నేర్పిందే కొలిబ్రీ. ఆరేళ్ళ కిందటి మాట. శత్రువూ మనమూ ఒకే సున్నాలో గిరగిరా తిరుగుతూ వేగం తగ్గినప్పుడు, రెక్కల వెనక ఉండే ఆ పలకల్ని కాస్త దించాలి. విమానం ముక్కు ఠక్కున లోపలికి తిరుగుతుంది, శత్రువు గురికి అందుతాడు. అయితే దించినవి వెంటనే ఎత్తెయ్యాలి. లేకపోతే ఉన్న వేగం కూడా పోయి గాల్లో చతికిలబడతాం. ఎవడైనా వచ్చి కొట్టిపోతాడు.

"ఎంతసేపు దించాలి?" అని అప్పట్లో ఒరాసియో అడిగాడు.

"ఒక్క గుక్క మాతే పీల్చేంత సేపు. రెండో గుక్కకి ఆశపడ్డావా, పోయావంతే," అన్నాడు కొలిబ్రీ. అని, నిజంగానే ఆ ఆకు టీని గొట్టంతో ఓ గుక్క పీల్చి ఆ చప్పుడు వినిపించాడు. పక్కన ఎవరో మాతేలో మళ్ళీ వేడినీళ్ళు పోసిన చప్పుడు కూడా వినిపించింది.

అలాంటివాడు జనవరిలో ఉన్నట్టుండి మాయమయ్యాడు. ఎన్ని కబుర్లు పెట్టినా జవాబు లేదు. ఏప్రిల్లో ఓ ఆదివారం ఆ పేరు మళ్ళీ తెర మీద వెలిగింది. ఒరాసియో కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు, అంత సంతోషం.

ఆ సంతోషం పది నిమిషాలు కూడా నిలవలేదు. మైకు చెడిపోయిందట, టైపు చేసిన మాటలే తప్ప గొంతు లేదు. మునుపు సగం అక్షరాలు మింగేసి రాసేవాడు, ఇప్పుడు కామాలు, చుక్కలతో సహా రాస్తున్నాడు. "టీచరమ్మలా రాస్తున్నావేంట్రా?" అని ఒరాసియో ఏడిపించాడు కూడా. ఇక విమానం సంగతి చెప్పక్కర్లేదు. పుట్టి బుద్ధెరిగాక తోలినట్టే లేదు. ఫ్లాప్స్ దించుతాడు, ఎత్తడం మరిచిపోతాడు, సముద్రంలో పడతాడు.

పెళ్ళాం వదిలేసిందా? తాగుడా? తలకి దెబ్బ తగిలిందా? అడగాలని ఒరాసియోకి నోటిదాకా వచ్చేది. మగవాళ్ళు ఒకరినొకరు ఇలాంటివి అడగరు గనక ఊరుకున్నాడు.

"కెప్టెన్, పోటీలకి వచ్చే ఆదివారమే పేర్లు పంపాలి," అన్నాడు ఫాబ్రీసియో. "ఎనిమిదే చోట్లు. మా బావమరిది ఖాళీగా ఉన్నాడు. ఎన్నాళ్ళని ఈ కొలిబ్రీని మోస్తాం?"

"ఒక్క వారం ఆగు. వచ్చే ఆదివారం వాడు ఒక్కణ్ణయినా కూల్చకపోతే పేరు నేనే కొట్టేస్తా."

ఆ మాటే కొలిబ్రీకి రాసి పంపాడు. జవాబు వచ్చింది.

"పేరు మాత్రం కొట్టెయ్యకు. ఎంత నేర్పితే అంత నేర్చుకుంటాను."

ఒరాసియోకి మనసంతా పాడైపోయింది. గురువు శిష్యుణ్ణి బతిమాలుకోవడమేమిటి?

ఆ వారమంతా షెడ్డు నుంచి రాగానే, చేతుల గ్రీజు కూడా సరిగ్గా కడుక్కోకుండా తెర ముందు కూర్చున్నాడు. రోజూ అదే పాఠం. రోజూ కొలిబ్రీ దగ్గర్నుంచి అదే ప్రశ్న: "మునుపు నేనెలా తిప్పేవాణ్ణో చెప్పు."

గురువారం నాడు ఒరాసియోకి ఉపాయం తట్టింది. తన మాతే గిన్నె తెచ్చి మైకు దగ్గర పెట్టుకున్నాడు.

"ఒక్క గుక్క పీల్చేంత సేపు దించు. రెండో గుక్కకి ఆశపడ్డావా, పోయావంతే," అని గొట్టంతో పీల్చి వినిపించాడు.

కొలిబ్రీ విమానం అలా ముందుకి పోతూనే ఉంది. మలుపు లేదు, ఏమీ లేదు. కాసేపటికి అక్షరాలు వచ్చాయి.

"ఈ మాట నాదేనా?"

"నీదే కదరా. నీ మాట నువ్వే మరిచిపోయావా?" అన్నాడు ఒరాసియో.

ఆదివారం వచ్చింది. మబ్బుల కింద కొలిబ్రీకి ఒకడు ఎదురయ్యాడు. ఇద్దరూ సున్నా చుట్టడం మొదలుపెట్టారు. ఒకటి, రెండు, మూడు చుట్లు. ఒరాసియో మాతే గొట్టం పళ్ళ మధ్య బిగించి చూస్తున్నాడు.

ఫ్లాప్స్ దిగాయి. ముక్కు లోపలికి తిరిగింది. ఒక్క గుక్క. తుపాకులు మోగాయి, శత్రువు రెక్క ఊడిపోయింది. ఫ్లాప్స్ పైకి లేచాయి.

"సరే కెప్టెన్," అన్నాడు ఫాబ్రీసియో గొంతు సవరించుకుని. "మా బావమరిది టీవీ చూసుకుంటాడ్లే."

అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. ఒరాసియో కళ్ళు తుడుచుకుని, జాబితాలో కొలిబ్రీ పేరు అన్నిటికన్నా పైన రాశాడు. తర్వాత మైకు దగ్గరికి జరిగాడు.

"అచ్చం నీలాగే తిప్పావురా. మళ్ళీ పాత కొలిబ్రీవి అయిపోయావు."

అందరూ దిగిపోయినా ఆ విమానం ఒక్కటే సముద్రం మీద చుట్లు తిరుగుతూ ఉంది. అప్పుడు ఒక్కొక్క అక్షరమే తెర మీదికి వచ్చింది, కామాతో సహా:

"మా అబ్బాయి కూడా ఇలాగే తిప్పేవాడా, ఒరాసియో బాబూ?"