అరగని బుష్షు

"నీ రబ్బరు మళ్లా పోయినాది బాలప్పా! నువ్వు మెకానిక్కువా, బుడగలమ్ముకునేవాడివా?"

రాజేశ్వరమ్మ వీధంతా వినిపించేలా అడిగింది. ఎదురింటివాళ్లు బయటికొచ్చి మరీ విన్నారు.

బాలప్ప పళ్లు నూరుకున్నాడు. పుంగనూరులో ఇరవై ఏళ్లుగా షెడ్డు నడుపుతున్నాడు. అతని చేయి పడని జీపు లేదు, ట్రాక్టరు లేదు. అలాంటిది, ఈ ముసలావిడ నోటి పుణ్యమా అని మదనపల్లెకు టమాటాలు తోలే వ్యాన్లవాళ్లు కూడా "ఏం బాలప్పా, రబ్బరు నిలబడలేదంటనే?" అని నవ్వుతున్నారు. పోయిన నెల ఇద్దరు తమ బండ్లను ఎదుటి షెడ్డుకు తీసుకుపోయారు కూడా.

కారు ఆమె భర్త మునిరత్నానిది. పాతది. దాని గేరు రాడ్డు అడుగున వేలి కణుపంత రబ్బరు బుష్షు ఒకటి ఉంటుంది. అది పోతే రాడ్డు గంజిలో గరిటెలా ఊరికే తిరుగుతుంది. గేరు పడదు.

మొదటిసారి పోయినప్పుడు రాజేశ్వరమ్మ పక్కనే నిలబడి, "యాడుంటాదప్పా అది?" అని అడిగింది. బాలప్ప సీట్ల మధ్య ఉన్న తోలు తొడుగు పైకెత్తి, పలకా బలపం పట్టిన పిల్లకు చూపినట్టు చూపించాడు. ఈవిడకు చూపినా ఒకటే, గేటు స్తంభానికి చూపినా ఒకటే అనుకున్నాడు.

ఆ తర్వాత మూడు వారాలకోసారి ఇదే వరస. ఊడదీసిన ముక్క వంక చూడకుండానే రేకు డబ్బాలో పడేసి, కొత్తది బిగించేవాడు. చూడాల్సిన పనేముంది? ముప్పై ఏళ్లు బస్సు గేర్లు పీకిన చెయ్యి మునిరత్నానిది. ఆ మోటు పట్టుకు రబ్బరేం ఆగుతుంది?

"మెత్తగా వెయ్యాల గేరు, డ్రైవరన్నా," అన్నాడు నాలుగో రబ్బరు బిగించినప్పుడు.

"నాకు నేర్పిస్తావా? ఈడ్నుంచి కుప్పం దాకా కండ్లు మూసుకొని పోతా నేను!"

శుక్రవారం వస్తే కుప్పంలో చెల్లెలింటికి పోవాలి మునిరత్నానికి. లేకపోతే తోచదు.

"మూసుకొనే కదా, కారును తీస్కపోయి రాగి చేన్లో దింపినావు," అంది రాజేశ్వరమ్మ.

"కునుకు పట్టినాదంటిని కదా."

"అది కునుకు కాదు. పిలిస్తే పలకలేదు నువ్వు. డాక్టరు కూడా..."

"ఊరుకోవే! డాక్టరు ఏనాడన్నా బస్సు తోలినాడా?"

మొగుడూ పెళ్లాల గొడవ బాలప్పకెందుకు? పానాలు సర్దుకున్నాడు. రాజేశ్వరమ్మ తిట్లకు కూడా అలాగే సర్దుకుపోవాలనుకున్నాడు. కుదరలేదు.

ఇదిగో, ఇప్పుడు ఐదోసారి.

"ఈ డొక్కును పాత సామాన్లోనికి ఇచ్చేసి, బస్సులో పొమ్మని చెప్పు బాలప్పా. నువ్వు చెప్తే వింటాడు. నీ చేతిలో ఇది బాగయ్యేది లేదు, సచ్చేది లేదు."

ఆ చివరి మాట గుచ్చుకుంది.

మరుసటి రోజే మదనపల్లె పోయాడు. లేత్ మిషను దగ్గర రెండు గంటలు నిలబడి, ఇత్తడి కడ్డీ నుంచి బుష్షు చెక్కించుకుని వచ్చాడు.

శుక్రవారం పొద్దున రాజేశ్వరమ్మ అరుగు మీద కూర్చుని చిన్న కత్తితో బెండకాయలు తరుగుతోంది. బాలప్ప ఇత్తడి బుష్షును ఆమె ముందు టక్కుమని పెట్టాడు.

"ఏందప్పా ఇది?"

"నీ తిట్లకు మందు."

ఆమె చేతిలోకి తీసుకుని గోటితో గీరి చూసింది.

"ఎన్ని దినాలొస్తాది?"

"మన ముగ్గురం పోయినా ఇది పోదు."

రాజేశ్వరమ్మ గొంతు ఉన్నట్టుండి తగ్గిపోయింది. "దీనికి కారు అదురుతాదేమో నాయనా. రబ్బరే మేలు కదా. రబ్బరే వెయ్యి."

బాలప్ప ఆమె ముఖం మీదే నవ్వేశాడు. ఇన్నాళ్లూ తిట్టిపోసిన రబ్బరే ఇప్పుడు మేలైపోయింది! ఓడిపోయినప్పుడు మనుషులు ఎంత అడ్డదిడ్డంగా మాట్లాడతారో! ఆమె చేతిలోంచి బుష్షు లాక్కున్నంత పని చేసి, పావుగంటలో బిగించేశాడు. ఊడిన రబ్బరును ఎప్పటిలాగే డబ్బాలో పడేశాడు.

మునిరత్నం రాడ్డు కదిపి చూశాడు. టక్. టక్.

"అబ్బ! బస్సు గేరు మాదిరి పడతాండాది! మధ్యాన్నం సంగటి కుప్పంలోనే," అంటూ ఇంజను స్టార్టు చేశాడు.

రాజేశ్వరమ్మ తరిగే బెండకాయలు అట్లాగే వదిలేసి లేచింది. చీర మార్చుకోలేదు. చెప్పులు కూడా వేసుకోలేదు. ముందు తలుపు తీసుకుని భర్త పక్కన కూర్చుంది.

"నువ్వు యాల వస్తాండావే? ఆ రాగి చేన్లో పడినకాన్నుంచి కారెక్కనే ఎక్కనంటివే?"

"వస్తా. పద."

తిట్లు మాటలకే గానీ బాగైన కారు మీద ఈవిడకూ మోజే అనుకున్నాడు బాలప్ప.

కారు వీధి మలుపు తిరిగింది. మూడో గేరు ఖచ్చితంగా పడిన చప్పుడు ఇక్కడి వరకూ వినిపించింది. అతని ఛాతీ పొంగింది.

షెడ్డుకు రాగానే డబ్బాను బల్ల మీద బోర్లించాడు. ఈ చచ్చు రబ్బర్లను వరసగా పేర్చి, ఎదుటి షెడ్డుకు పోయినవాళ్లను పిలిచి మరీ చూపించాలి. ఒక్కొక్కటే వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు.

మొదటి రబ్బరు ఒక్కటే అరిగి పిప్పయి ఉంది. ఆ తర్వాతి నాలుగూ, చిన్న కత్తితో బెండకాయలు తరిగినట్టు, ఒకే చోట నున్నగా కోసి ఉన్నాయి.